బీటెక్‌కి ఏ లాప్‌టాప్ మేలు? గేమింగ్‌దా, సన్నదా, మ్యాక్‌బుక్కా, సెకండ్ హ్యాండ్‌దా?

కౌన్సెలింగ్‌లో సీటు అలాట్ అయిందో లేదో, మా ఇళ్లలో పిల్లల నుంచి నాకు ఫోన్ వచ్చేస్తుంది. ఈసారి రెండు వచ్చాయి. పిన్ని కూతురికి సీఎస్‌ఈ, మామయ్య కొడుక్కి మెకానికల్. ఒకరు "అక్కా, ఇది తీసుకోమంటావా?" అని, ఇంకొకరు "వదినా, ఇది ఎలా ఉంది?" అని ఒక్క గంట తేడాలో పంపిన లింకులు తెరిచి చూస్తే రెండూ ఒకే గేమింగ్ లాప్‌టాప్‌వి. ధర అరవై ఐదు వేల చిల్లర, ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్, ఎర్ర లైట్ల కీబోర్డు. మెకానికల్ వాడికి తీసుకోమన్నాను, సీఎస్‌ఈ చెల్లికి వద్దన్నాను. ఎందుకో ఇద్దరికీ విడివిడిగా చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే మన దగ్గర లాప్‌టాప్ అంటే చాలా ఇళ్లలో నాన్న రెండు మూడు నెలల జీతం, అది తప్పు వస్తువు మీద పోతే నాకు నిజంగా బాధేస్తుంది.

ముందు గేమింగ్ లాప్‌టాప్ సంగతి. షాపులో చూస్తే అదే డబ్బుకి అన్నిటికన్నా ఎక్కువ ఇస్తున్నట్టు కనిపిస్తుంది, స్పీడు విషయంలో అది నిజం కూడా. కాని బరువు రెండున్నర కిలోల దగ్గర ఉంటుంది, ఇటుకలాంటి ఛార్జర్ ఇంకో అర కిలో. నేను ఈసీఈ చదివేటప్పుడు అలాంటిదే తీసుకున్నా. మొదటి నెల రోజూ కాలేజీ బస్సులో మోశాను, రెండో నెల నుంచి వారానికి రెండు రోజులు, సెమిస్టర్ అయ్యేసరికి అది హాస్టల్ గదిలో టేబుల్ మీద పెట్టిన డెస్క్‌టాప్ అయిపోయింది. మూడో ఏడాది మినీ ప్రాజెక్ట్ రివ్యూ రోజు మా బ్యాచ్ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, ఆ గదిలో ఉన్న ఒక్క ప్లగ్ ప్రొజెక్టర్‌కే సరిపోయింది, పొద్దున ఫుల్ ఛార్జ్ చేసుకెళ్లిన నా లాప్‌టాప్ డెమో మధ్యలో ఆగిపోయింది. ఇలాంటివాటిలో మామూలు పనికే బ్యాటరీ మూడు నాలుగు గంటలు వస్తే గొప్ప, రెండేళ్లు వాడాక అందులో సగం.

సీఎస్‌ఈ పిల్లలు నాలుగేళ్లలో చేసేదేంటి? సీ, పైథాన్, జావా, డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, వెబ్ ప్రాజెక్టులు, ఆఖర్లో ప్లేస్‌మెంట్ కోచింగ్. వీటిలో గ్రాఫిక్స్ కార్డును వాడుకునేది ఏదీ లేదు. వీఎస్ కోడ్ ఒకటి, పాతిక ట్యాబులున్న బ్రౌజర్ ఒకటి, ఎప్పుడైనా ఆండ్రాయిడ్ స్టూడియో, ఇవన్నీ అడిగేది ర్యామ్. ఎనిమిది జీబీతో ఎమ్యులేటర్ (కంప్యూటర్ లోపలే నడిచే నకిలీ ఫోన్) తెరిస్తే మౌస్ కూడా కదలదు, పదహారు ఉంటే హాయిగా నడుస్తుంది. "మాది ఏఐఎంఎల్ కదా, జీపీయూ, అదే గ్రాఫిక్స్ కార్డు, లేకపోతే ఎలా?" అని అడుగుతారు. బ్రౌజర్‌లోనే కోడ్ నడుపుకునే గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా దొరికే కార్డు ఎక్కువగా ఎన్విడియా టీ4, దాని మెమరీ 16 జీబీ. మీరు కొనబోయే 3050లో ఉండేది నాలుగో ఆరో జీబీ. కోలాబ్‌కి టైమ్ లిమిట్ ఉంటుంది, మధ్యలో కట్ అవుతుంది, అది ఇబ్బందే, అయినా బీటెక్ ప్రాజెక్టుకి సరిపోతుంది.

మెకానికల్ వాడి లెక్క వేరు. సాలిడ్‌వర్క్స్, క్యాటియా, ఆన్సిస్ లాంటివి నిజంగానే బరువైన సాఫ్ట్‌వేర్లు. వందల పార్టులున్న అసెంబ్లీ తిప్పి చూసేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఉన్నదానికీ లేనిదానికీ తేడా కంటికి కనిపిస్తుంది. సివిల్‌లో రెవిట్ నేర్చుకునేవాళ్లకీ ఇదే మాట. ఫస్టియర్ ఇంజినీరింగ్ గ్రాఫిక్స్‌లో వచ్చే టూడీ ఆటోక్యాడ్ మాత్రం మామూలు లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, దానికోసం ఖర్చు పెట్టక్కర్లేదు. మా ఈసీఈ వాళ్లకి వివాడో అని చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది పదుల జీబీల డిస్కు మింగేస్తుంది, ర్యామ్ అడుగుతుంది, గేమింగ్ కార్డుతో దానికి పనే లేదు. నేను చదివేటప్పుడు ఈ ముక్క చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

మ్యాక్‌బుక్ ఎయిర్ గురించి నాకు గౌరవం ఉంది. 1.24 కిలోలు, ఫ్యాన్ లేదు కాబట్టి శబ్దం లేదు, పొద్దున తొమ్మిదింటికి తీస్తే సాయంత్రం క్లాసులయ్యేదాకా ఛార్జర్ గుర్తుకు రాదు. ఎం4 మోడల్ 2025 మార్చిలో 16 జీబీ ర్యామ్‌తో 99,900 రూపాయలకి వచ్చింది, విద్యార్థులకి పదివేలు తగ్గింపు. కాని సాలిడ్‌వర్క్స్, క్యాటియా, రెవిట్, వివాడో, మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాములకి వాడే కైల్, వీటిలో ఒక్కటి కూడా మ్యాక్‌లో నేరుగా ఇన్‌స్టాల్ కాదు. అంటే మెకానికల్, సివిల్, ఈసీఈ వాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. సీఎస్‌ఈ వాళ్లకి బాగుంటుంది, అదీ ఇంట్లో అప్పు చేయకుండా కొనగలిగితేనే. కొన్నాక ర్యామ్ పెంచలేం, స్టోరేజ్ మార్చలేం, వారంటీ దాటాక స్క్రీన్ పోతే ఆ బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. తక్కువకి వస్తోందని ఎనిమిది జీబీ ఎం1 చూపిస్తారు, అది 2020 నవంబరులో వచ్చిన మోడల్. ఇప్పుడు కొని ఇంకో నాలుగేళ్లు నడపాలంటే నేను ఒప్పుకోను.

ఇక మా చెల్లికి చెప్పింది సన్న లాప్‌టాప్. యాభై నుంచి అరవై వేల మధ్య, కిలోన్నర లోపు, 16 జీబీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఇక్కడే అందరూ మోసపోయే చోటు ఒకటుంది, కాస్త ఓపిగ్గా చదవండి. ఏఎండీ ప్రాసెసర్లలో రైజెన్ 5 అని రాసున్నవన్నీ ఒకటి కావు. 7520యూ, 7530యూ పక్కపక్కన పెడితే తమ్ముడూ అన్నా అనుకుంటాం, ధర కూడా దగ్గరగానే ఉంటుంది. ఇలా 7తో మొదలయ్యే నంబరులో మూడో అంకె చూడాలి. 2 ఉంటే లోపలున్నది పాత జెన్ 2 కోర్లు, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. పైగా 7520యూ ఉన్నవాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, ఎనిమిది తీసుకుంటే చివరిదాకా ఎనిమిదే. స్క్రీన్ దగ్గర 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత), 250 నిట్స్ (వెలుగు కొలత) అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి, పగటి వెలుతురులో కష్టం. కోడ్ రాయడానికి చాలు గాని, రోజుకి ఆరు గంటలు చూసేది కాబట్టి రెండు మూడు వేలు ఎక్కువైనా మంచిది తీసుకోమంటాను. టైప్ సీతో ఛార్జ్ అయ్యేదైతే పక్క బెడ్ వాళ్ల 65 వాట్ల ఛార్జర్ కూడా పనికొస్తుంది, హాస్టల్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది దాని విలువ.

అరవై వేలు కుదరని ఇళ్లు ఎన్నో ఉన్నాయి, అలాంటప్పుడు పాతిక ముప్పై వేలకి దొరికే సెలెరాన్ అనే చవక ప్రాసెసర్ ఉన్న కొత్తది కొనేస్తారు. దయచేసి కొనకండి, ఏడాది తిరక్కుండానే చిరాకు మొదలవుతుంది. అదే డబ్బుకి కంపెనీల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ వంద రెట్లు మేలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే ఇవి వరసగా కనిపిస్తాయి. ఉదాహరణకి థింక్‌ప్యాడ్ టీ480 చూడండి, లోపల ఒక బ్యాటరీ, వెనక ఊడదీసుకునేలా ఇంకొకటి, ర్యామ్‌కి రెండు స్లాట్లు. పాతబడింది కదా అంటే పాతదే, కాని కీబోర్డు మీద చేయి పెట్టి చూస్తే కొత్తవాటిలో అలాంటిది దొరకదు. ఇంటెల్ ఎనిమిదో జనరేషన్‌కి తక్కువ మాత్రం వద్దు, ఎందుకంటే విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో జనరేషన్ నుంచే ఎక్కుతుంది. ఏడో జనరేషన్ ఐ7 చూపించి ఎనిమిదో జనరేషన్ ఐ5 కన్నా గొప్పదని షాపాయన చెప్తే వినకండి, ఎనిమిదో జనరేషన్ ఐ5లో నాలుగు కోర్లుంటాయి, ఏడో జనరేషన్ సన్న లాప్‌టాప్ ఐ7లో రెండే.

షాపులో మొహమాటపడకుండా అరగంట కూర్చోండి. బ్యాటరీ రిపోర్ట్ తీయించి తయారైనప్పటి కెపాసిటీ, ఇప్పటి కెపాసిటీ పోల్చండి, డెబ్బై శాతం కన్నా తక్కువైతే బ్యాటరీ మార్చి ఇమ్మనండి లేదా ధర తగ్గించమనండి. బయాస్‌కి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌కి) పాస్‌వర్డ్ లేకుండా చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, విండోస్ రీసెట్ చేయించి మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి మొదలుపెట్టమనండి. పాత కంపెనీ లాగిన్ అడిగిందంటే దాని లాక్ ఇంకా తీయలేదన్నమాట, ఎంత చవగ్గా ఇచ్చినా లేచి వచ్చేయండి.

ఇంకో మాట, సీటు వచ్చిన వారమే కొనక్కర్లేదు. మొదటి నెలల్లో సీ ప్రోగ్రామింగ్ కాలేజీ ల్యాబ్‌లోనే అయిపోతుంది, సీనియర్లు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో ఈలోపు తెలుస్తుంది, దసరా సేల్ కూడా అప్పుడే వస్తుంది. చెల్లి ఆగింది, రైజెన్ 7530యూ ఉన్నది 16 జీబీతో తీసుకుంది. మామయ్య కొడుకు ఆ ఎర్ర లైట్లదే కొన్నాడు, ఒక ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంది, థర్డ్ సెమిస్టర్‌లో సాలిడ్‌వర్క్స్ మొదలయ్యే ముందు ఇంకో ఎనిమిది జీబీ వేద్దామని చెప్పాను.