ఎటిమ్‌ఆన్‌లైన్ రివ్యూ: 'హసల్' అన్న ఒక్క మాటతో టెస్ట్ చేశా

ఇంగ్లిష్ మాటలు ఎక్కడ పుట్టాయో చూసుకోడానికి ఎటిమ్‌ఆన్‌లైన్ అని ఒక సైట్ ఉంది, ఫ్రీ, లాగిన్ కూడా అక్కర్లేదు, అమెరికాలో డగ్లస్ హార్పర్ అనే ఆయన సొంతంగా మొదలుపెట్టిన పని. డిక్షనరీకి రివ్యూ ఏంట్రా బాబూ అనుకోకండి, స్టార్టప్ వాళ్ళ నోట్లోంచి ఈమధ్య హసల్ (hustle) తప్ప ఇంకో మాట రావట్లేదు కదా, అందుకే ఆ మాట కొట్టి చూశా.

బాగా నచ్చింది ఏంటంటే అర్థాలన్నీ కుప్పపోసి పడెయ్యకుండా ఏది ఎప్పుడొచ్చిందో సంవత్సరాలతో సహా చెప్తుంది. 1680ల్లో హసల్ అంటే కష్టమూ లేదు చెమటా లేదు, కుదపడం అంతే, టోపీలో నాణేలేసి గలగలా ఊపి ఆడే హసల్‌-క్యాప్ అనే ఆట ఒకటి ఉండేది, డచ్ భాషలో హుట్సెలెన్ అంటే కుదపడమేనంట, అక్కడ్నుంచి వచ్చింది. 1751కి జనాన్ని తోసెయ్యడం, 1812కి గబగబా కదలడం, 1840కి అమెరికాలో అడ్డదారిలో సంపాదించడం. మనవాళ్ళు టీషర్టుల మీద వేసుకునే అర్థం, అదే పైకి రావాలని తెగ పనిచెయ్యడం, వచ్చేసరికి 1891. మధ్యలో 1887లో సరుకు అంటగట్టడం అనే అర్థం కూడా ఉంది, ఇప్పటి సేల్స్ ఉద్యోగాలకి నాకైతే అదే కరెక్టుగా సరిపోతుందనిపించింది.

మా పిన్ని కొడుకు లింక్డ్‌ఇన్‌లో పేరు పక్కన హసలర్ అని పెట్టుకున్నాడు. ఈ పేజీ చూపిస్తే "అదేంటన్నయ్యా, కష్టపడేవాడనే కదా" అన్నాడు. అవున్రా, 1884 నుంచి అదే, కాకపోతే 1825లో దొంగ, 1924లో ఒళ్ళమ్ముకునేవాళ్ళు, చూస్కో మరి అన్నా. తీసేస్తాడేమో అనుకుంటే పక్కన ఒక రాకెట్ బొమ్మ కూడా తగిలించాడు.

ఇక తక్కువ అనిపించింది వాడుక. ఎంట్రీ చిన్నది, పుట్టుక వరకే దాని పని. ఆటల్లో ఈ మాట వేరే లెవెల్లో నడుస్తుంది, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వాళ్ళయితే హసల్ స్టాట్స్ అని లెక్కే పెడతారు, దొర్లుతున్న బాల్ ఎవడు పట్టుకున్నాడు, ఎదుటోడి పాస్‌కి ఎవడు చెయ్యి అడ్డం పెట్టాడు, అన్నీ. బేస్‌బాల్‌లో పీట్ రోజ్ అనే అమెరికా ఆటగాడి సంగతి ఇంకా మజా. ఊరికే నడిచి వెళ్ళే హక్కున్నప్పుడు కూడా ఫస్ట్ బేస్‌కి పరిగెత్తేవాడు, అది చూసి అవతలి టీమ్ ఆటగాడు వైటీ ఫోర్డ్ ఎగతాళిగా చార్లీ హసల్ అన్నాడు, రోజ్ దాన్నే బిరుదులా మోశాడు. అంత ఒళ్ళు దాచుకోకుండా ఆడినాయన్నే 1989లో పందేల గొడవలో బేస్‌బాల్ నుంచి జీవితకాలం బహిష్కరించారు. మాటకున్న మంచి అర్థం చెడ్డ అర్థం రెండూ ఒకే మనిషి మోశాడన్నమాట. ఇలాంటివి కావాలంటే వేరే చోట చదువుకోవాల్సిందే.

మాట ఎలా పలకాలో కూడా ఈ సైట్లో దొరకదు, మనలో సగం మంది మధ్యలో టీ పెట్టి హస్టిల్ అంటారు, ఆ టీ పలకకూడదు, మెరియమ్-వెబ్‌స్టర్‌లో (అదీ ఆన్‌లైన్ డిక్షనరీనే) స్పీకర్ బొమ్మ నొక్కి వినండి. అర్బన్ డిక్షనరీ సంగతి అడక్కండి, 1999 నుంచి ఎవడికి తోచింది వాడు రాస్తున్నాడు, నవ్వుకోడానికి ఓకే, ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవ్వడానికి కాదు.

నా రేటింగ్ అయిదుకి నాలుగు. జీఆర్ఈకి మాటలు బట్టీ కొట్టేవాళ్ళకి బాగా పనికొస్తుంది, పుట్టుక తెలిస్తే మాట అంత తొందరగా మర్చిపోరు. యాడ్స్ ఉంటాయి కాబట్టి ఫోన్ కంటే లాప్‌టాప్‌లో హాయి. ఒక ఎంట్రీ కింద ఇంకో మాటకి లింకు, దాని కింద మరోటి, రేపు పొద్దున్నే ఆఫీసు ఉంటే మాత్రం రాత్రి పదకొండు తర్వాత తెరవకండి.