వరుత్తపడాద వాలిబర్ సంగం: తమిళ పల్లెలో మా ఊరే కనిపించింది

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా చిన్నాన్న కొడుకు పట్టుబట్టి చూపించాడు ఈ సినిమా. వాడు చెన్నైలో బిల్డింగ్ పనులకెళ్లి ఆరేళ్లు ఉండొచ్చాడు, మా రాజాం చుట్టుపక్కల ఊళ్లలో అలా వెళ్లినవాళ్లు చాలామందే, అందుకని తమిళం బాగా వచ్చు. నాకు ముక్క రాదు. కింద సబ్‌టైటిల్స్ పడుతున్నా, పక్కన వాడు "ఏటన్నాడో ఇన్నావా" అంటూ మా యాసలో చెప్తుంటేనే ఎక్కువ నవ్వొచ్చింది.

2013 సెప్టెంబర్‌లో వచ్చిన సినిమా, దర్శకుడు పొన్‌రామ్‌కి మొదటిది. పేరుకి అర్థం దాదాపుగా చీకూచింతా లేని కుర్రాళ్ల సంఘం అని. శివకార్తికేయన్ ఆ సంఘానికి ప్రెసిడెంట్, సూరి సెక్రటరీ. ఊరి పెద్ద సత్యరాజ్, మన కట్టప్పే. ఆయనకి ముగ్గురు కూతుళ్లు, వాళ్లలో ఎవరైనా ప్రేమించి పెళ్లి చేసుకుంటే చెవులు కోసుకుంటానని పంతం పట్టి కూర్చుంటాడు. హీరో మొదట టీచరమ్మ మీద మనసు పడి, ఆ పెద్దాయన కూతురి చేత్తోనే ఆవిడకి ఉత్తరం పంపిస్తాడు. అక్కడి నుంచి కథ ఎటు తిరుగుతుందో ఊహించొచ్చు, అయినా విసుగు రాదు.

ఎందుకు రాదంటే, ఇందులో నవ్వంతా ఊరి మనుషుల్లోంచే వస్తుంది. వినాయక చవితి చందాలకి తిరిగే మా ఊరి కుర్రాళ్లు, సాయంత్రం అరుగు మీద కూర్చుని దారిన పోయే ప్రతివాడినీ పలకరించేవాళ్లు, పెద్దాయన వెనకాలే తిరుగుతూ ఆయన ఏమంటే దానికి తలూపేవాళ్లు, అందరూ ఉన్నారు. ఊరు దిండిగల్ వైపుది, వాళ్ల మాట కూడా ఆ వైపుదేనని మావాడు చెప్పాడు, చెన్నైలో ఇలా మాట్లాడరట. అది విన్నాక నాకు మనసులో గుచ్చుకుంది. అక్కడ హీరో, హీరోయిన్, ఆమె తండ్రి కూడా ఊరి యాసలోనే ప్రేమించుకుంటారు, కొట్టుకుంటారు, ఏడుస్తారు. మన సినిమాల్లో శ్రీకాకుళం యాస వినిపించిందంటే చాలాసార్లు పనివాడో, నవ్వించడానికి పెట్టిన పాత్రో. మన "ఏటి బావూ"లో కూడా ప్రేమ చెప్పొచ్చని ఎప్పటికి గుర్తిస్తారో!

దీన్నే 2014లో మనోజ్‌తో కరెంట్ తీగ అని తెలుగులో తీశారు, జగపతిబాబు తండ్రి వేషం వేశారు. విజయనగరంలో హాల్లోనే చూశాను. నటుల్ని తప్పు పట్టను, కానీ ఆ ఊరు ఏ ప్రాంతానిదో నాకు అనిపించలేదు. తమిళంలో హీరోయిన్ శ్రీదివ్య మాత్రం మన హైదరాబాద్ అమ్మాయే, బస్ స్టాప్ అనే తెలుగు సినిమాలో చేసింది. ఇంత చక్కగా నటించే పిల్లకి మన దగ్గర ఇంకా మంచి పాత్రలు రావాల్సింది.

సంగీత దర్శకుడు ఇమ్మాన్ పాటల్లో "ఊదా కలర్ రిబ్బన్" ఇప్పటికీ మా ఇంట్లో మోగుతోంది. ఊదా అంటే వాళ్లకీ మనకీ ఒకటే మాట, ఆ పాటకి మాత్రం అర్థం అడగాల్సిన పని పడలేదు!

నచ్చనివి ఉన్నాయి. అమ్మాయి ఇంకా స్కూల్ యూనిఫాంలో ఉంది, ఆమె వెనకాల తిరగడం చూస్తుంటే నాకు ఇబ్బందే అనిపించింది. తాగుడు సీన్లు కూడా ఎక్కువే. కానీ పద్దెనిమిది నిండని ఆ పిల్లకి పెళ్లి కుదిరిస్తే పోలీసులకి చెప్పి ఆపించేదీ ఈ హీరోనే. ఆ సీన్‌కి మా పిన్ని వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది, "మంచి పని చేసాడు గుంటడు" అని మళ్లీ లోపలికెళ్లింది. ఆవిడకి పదిహేనేళ్లకే పెళ్లయింది.

రెండో సగంలో ఓ ఇరవై నిమిషాలు తగ్గించాల్సింది. అయినా వీలుంటే తమిళంలోనే చూడండి, మొదట్లో తుపాకీ గురించి ఊరంతా మాట్లాడుకునేది మాత్రం వదలకుండా వినండి, చివర్లో సత్యరాజ్ ముఖం చూసినప్పుడు అదే గుర్తొస్తుంది.