వంటగట్టు కింద కర్టెన్: టెన్షన్ రాడ్డు కన్నా స్ప్రింగ్ వైరే నయం

పైన గ్రానైట్ గట్టు, కింద కడప బండల అరలు, తలుపులు ఉండవు. చాలా అద్దె ఇళ్లలో వంటగది ఇంతే. డబ్బాలూ నూనె క్యాన్లూ కనబడకుండా గుడ్డ కట్టడం పాత పద్ధతే. అది నిలిచేదీ నిలవనిదీ గుడ్డను మోసే సామానును బట్టి ఉంటుంది.

ఆన్‌లైన్‌లో ముందుగా కనిపించేది టెన్షన్ రాడ్డు. మేకు కొట్టక్కర్లేదు, తిప్పి బిగిస్తే చాలు. గట్టి గోడల మధ్య బాగానే నిలుస్తుంది. నున్నటి కడప బండల మధ్య మాత్రం రబ్బరు బిళ్లలకు జిడ్డు అంటగానే జారిపోతుంది. ఇంకాస్త బిగిద్దామంటే పలచటి నిలువు బండ సిమెంటు దగ్గర కదిలే ప్రమాదం. మూడడుగులు దాటిన అరకు దీన్ని కొనొద్దు. అల్యూమినియం ట్రాక్ సొంతింటికైతే సరే, చక్రాల్లో చేరే జిడ్డును ఓపిగ్గా తుడవగలిగితే.

హార్డ్‌వేర్ షాపులో దొరికే ప్లాస్టిక్ తొడుగున్న స్ప్రింగ్ వైరు అన్నిటికన్నా చవక, ఈ పనికి అన్నిటికన్నా తగినదీ అదే. 48 అంగుళాల అరకు 43, 44 అంగుళాలే కోయాలి. సాగదీసి తగిలిస్తేనే బిగువు. సమానంగా కోస్తే మొదటి రోజే నడుము జారుతుంది. నాలుగడుగులు దాటితే మధ్యలో ఇంకో కొక్కెం తప్పదు. కోసిన కొనకు టేపు చుట్టి గుడ్డలోకి దూర్చండి, లేకపోతే దారాలు లాగేస్తుంది.

కొక్కేల దగ్గరే పని చెడేది. కడప బండ అంచున డ్రిల్ పెడితే పెచ్చు లేస్తుంది. దానికి బదులు చిన్న చెక్క ముక్కను జిడ్డు లేకుండా తుడిచిన బండకు అరల్డైట్‌తో అతికించి, ఒక రోజంతా ఆరనిచ్చి, కొక్కెం ఆ చెక్కలోకి బిగించాలి. స్టిక్కర్ హుక్కులు ఆవిరికీ నూనెకీ ఊడిపోతాయి, వాటి జోలికి పోవద్దు.

గుడ్డ కాటనే కావాలి, కాస్త ముదురు రంగుది. అర వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటేనే కుచ్చు నిండుగా పడుతుంది. 48 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తున్న అరకు 44 పన్నా గుడ్డ రెండు మీటర్లు తీసుకుంటే రెండు ముక్కలు వస్తాయి. కుట్టించే ముందు ఒక రాత్రి నానబెట్టి ఆరేయాలి. లేదంటే మొదటి ఉతుకుకే కురచై అడుగు అర బయటపడుతుంది. నేలకు రెండంగుళాలు పైనే ఆపండి, తడిబట్ట పెట్టినప్పుడు అంచు నానదు. మధ్యలో చీలిక ఉంచితే గిన్నె తీయడానికి తెరంతా జరపనక్కర్లేదు.

సిలిండరున్న అరకు మాత్రం తెర వద్దు. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలబారునే పేరుకుంటుంది. తెర ఉంటే అది చెదిరిపోయే దారి తగ్గుతుంది, రెగ్యులేటర్ కట్టేయబోయే చేతికీ గుడ్డే అడ్డం. పొయ్యి పక్కన గట్టు పైనున్న అరలకూ ఇదే మాట. పోపు చిటపటల దగ్గర ఏ గుడ్డా క్షేమం కాదు, పాలియెస్టర్ అయితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ పెట్టే అరకు ప్లైవుడ్ తలుపుకన్నా గుడ్డే మేలు, గాలి ఆడుతుంది. సింకు కింద కూడా అంతే, అక్కడ ప్లైవుడ్ ఉబ్బుతుంది. కానీ పైపు చెమ్మకు మడతల్లో బొద్దింకలు చేరతాయి. రాత్రి ఆ ఒక్క తెర పక్కకు జరిపి ఉంచి, నెలకు రెండుసార్లు వేడినీళ్లలో ఉతకాలి. అందుకే సింకు అరకు రెండు జతలు కుట్టించుకోవడం మంచిది.