చలికాలంలో రాక్‌పోర్ట్: ఎక్కడ దిగాలి, ఎవరి బోటెక్కాలి

టెక్సస్ తీరానికి చేపల వేటకని మనవాళ్లు ఎక్కువగా ఎండాకాలం సెలవుల్లోనే బయల్దేరతారు. నన్నడిగితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడమే మేలు. దోమల బాధ తక్కువ, బోటు దింపే చోట క్యూ ఉండదు, అద్దెలూ దిగుతాయి. కాకపోతే ఈ కాలంలో తేదీ ఖరారు చేసేది ఉత్తరగాలి. కోల్డ్ ఫ్రంట్ (ఉత్తరం నుంచి వచ్చిపడే చలిగాలి) దిగిందంటే ఆ గాలి బేలో (నేలలోకి చొచ్చుకొచ్చిన లోతు తక్కువ సముద్రపు పాయలో) నీళ్లను సముద్రంలోకి తోసేస్తుంది. నిన్న మోకాలి లోతు ఉన్న చోట ఇవాళ బురద కనిపిస్తుంది. అక్కడ అందరూ వేటాడే మచ్చల చేప ట్రౌట్ లోతు కాలువల్లోకి జారుకుంటుంది. రెండు రోజులు ఎండ కాస్తే నల్లబురద వేడెక్కాక, ట్రౌట్ ఆయిస్టర్ గుల్లల దిబ్బల పక్కకి మళ్లీ వస్తుంది. అందుకే చివరి నిమిషంలో రద్దు చేసుకోనిచ్చే బసే చూసుకోండి, పది డాలర్లు ఎక్కువైనా సరే.

హ్యూస్టన్ నుంచి బే ఒడ్డునున్న రాక్‌పోర్ట్ ఊరికి కారులో మూడు గంటల పైచిలుకు. ఇంకాస్త ముందుకెళితే పోర్ట్ అరాన్సస్. అరాన్సస్ పాస్ అనే ఊరి వైపు నుంచి కారుతో సహా ఫెర్రీ ఎక్కి దాటాలి. అది ప్రభుత్వానిది, రాత్రీ పగలూ నడుస్తుంది, పైసా తీసుకోరు. పిల్లలకి బీచ్, సాయంత్రానికి రెస్టారెంట్లు కావాలంటే పోర్ట్ అరాన్సస్ బాగుంటుంది. అక్కడి జెట్టీ (సముద్రంలోకి కట్టిన రాళ్ల గట్టు) మీద శరత్కాలంలో పెద్ద రెడ్‌ఫిష్ (రాగిరంగు చేపలు) పడతాయి. జనవరి గాలిలో మాత్రం ఆ నాచు రాళ్ల మీద నిలబడటం టెన్షనే. వేటే ముఖ్యమైతే రాక్‌పోర్ట్, దాని పక్కనే ఉన్న ఫుల్టన్. అరాన్సస్ బే, కోపానో బే రెండూ అందుబాటులో ఉంటాయి, ఒక పక్క గాలి ఎక్కువైతే ఇంకో పక్కకి పోవచ్చు.

బస విషయంలో రెండు రకాలూ చూశాం. హైవే మోటల్ చవక, కానీ మేం దిగిన దానిలో హీటర్ సగం రాత్రి నుంచి చల్లగాలే కొట్టింది. తడిసిన వేడర్లు (నీళ్లలో నడవడానికి వేసుకునే పొడుగు ప్యాంట్లు) ఆరేసుకునే చోటు కూడా లేదు. తర్వాత కాలువ ఒడ్డున వంటగది, సొంత డాక్ (బోటు కట్టేసే చెక్కల వేదిక) ఉన్న ఇల్లు తీసుకున్నాం. రెండు కుటుంబాలు పంచుకుంటే పెద్ద తేడా రాలేదు. డాక్ కింద నీళ్లలో ఆకుపచ్చ లైటు ఉందో లేదో తప్పకుండా అడగండి. చీకటి పడ్డాక ఆ వెలుగుకి చిన్న చేపలు చేరతాయి, వాటి కోసం ట్రౌట్ వస్తుంది. మా బావ స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, కాఫీ కప్పు పక్కన పెట్టుకుని అక్కడే గాలం వేశాడు. అన్నీ పెద్దవి కావు, వదిలేసినవే ఎక్కువ.

ఇక గైడు. ఒకాయన మమ్మల్ని తెల్లవారకుండానే తీసుకెళ్లి, చలిలో గడగడలాడించి, పదకొండింటికి తిరిగి దింపేశాడు. చేపలు కదిలేది సరిగ్గా అప్పుడే. ఇంకొకాయన ముందు రాత్రే మెసేజ్ పెట్టాడు, తొమ్మిదిన్నర దాటాక బయల్దేరదామని. చలికాలంలో అలా చెప్పేవాణ్ణే నమ్మాలి. గాలాలు, బతికున్న రొయ్యల ఎర, ఐసు, చేప కోసివ్వడం బోటు అద్దెలోనే ఉన్నాయా అని అడగండి. టిప్పు మాత్రం వేరే. నీళ్లు చల్లగా ఉంటే చేప బద్ధకిస్తుంది. రబ్బరు ఎరని అడుగున నెమ్మదిగా, మధ్యమధ్య ఆపుతూ లాగాలి. బురదలో నడిచేటప్పుడు పాదం ఎత్తకుండా జరుపుకుంటూ పోవాలి, కింద తోకముల్లుతో పొడిచే టేకు చేప (స్టింగ్‌రే) ఉండొచ్చు. దారిలో అరాన్సస్ వన్యప్రాణి శరణాలయం ఒడ్డున హూపింగ్ క్రేన్లు (అరుదైన పెద్ద తెల్ల కొంగలు) కనిపించాయి. 1941లో ఈ మంద పదిహేనుకో పదహారుకో పడిపోయింది, ఇప్పుడు అయిదు వందలు దాటింది. చేపలు పడకపోయినా ఆ దారికి డబ్బులు గిట్టినట్టే.

లైసెన్సుతో పాటు ఉప్పునీటి అనుమతి కూడా ఉండాలి. గూస్ ఐలాండ్ లాంటి స్టేట్ పార్కు ఒడ్డు నుంచి గాలం వేస్తే లైసెన్సు అక్కర్లేదు, ప్రవేశ రుసుము చాలు. మేం వెళ్లినప్పటి లెక్క ప్రకారం ఉంచుకోదగ్గవి ట్రౌట్ 15 నుంచి 20 అంగుళాలు, రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాలు, మనిషికి రోజుకి మూడేసి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో తీరమంతా కలిపి కనీసం 38 లక్షల చేపలు చచ్చాయి. ట్రౌట్ కోలుకోవాలనే 2024లో దాని కొలత బిగించారు. నాకది సబబుగానే అనిపించింది.

టెక్సస్‌లో పట్టిన ఈ రెండు చేపలనూ 1981 నుంచి అమ్మకూడదు. పేరుకి ట్రౌట్ గానీ రెండూ మన ఉప్పాడ, అంతర్వేదిలో లక్షలు పలికే కచిడి కుటుంబానివే. గైడ్లు కండ తీసిచ్చి తల, ముల్లు పెలికాన్లకి విసిరేస్తారు. పులుసు కావాలంటే తల పారేయొద్దని ముందే చెప్పండి, ఆయన వింతగా చూసినా సరే. రెడ్‌ఫిష్ పొలుసు రూపాయి బిళ్లలా గట్టిగా ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని తీయకుండా, పొలుసు కిందికి పెట్టి నిప్పుల మీద కాలుస్తారు. పైన అల్లంవెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించాం, అదిరింది. ట్రౌట్ కండ మెత్తన, పులుసులో విడిపోతుంది, ఫ్రీజర్‌లో పెడితే ఇంకా పాడవుతుంది. దాన్ని ఆ రాత్రే వేయించేసుకోండి.