సాన్ ఆంటోనియో: 180 డాలర్లకు సగం కథ

టెక్సస్‌లోని సాన్ ఆంటోనియోలో గైడుతో మూడు గంటల బస్సు యాత్రకు మనిషికి 45 డాలర్లు, నలుగురికి 180 డాలర్లు కట్టాం. బస్సు దిగాక మామయ్యగారు హోటల్ దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. గదిలోకి వచ్చి చెప్పులు విప్పుతూ, “ఈ గైడు సగం కథే చెప్పాడమ్మా” అన్నారు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పిన మనిషి. ఈ ప్రయాణం కోసం నెల రోజుల ముందు నుంచి చదివి, చిన్న నోటు పుస్తకంలో పేర్లు రాసుకున్నారు.

డల్లాస్ నుంచి కారులో ఐదు గంటల దారి. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఆ గైడు చెప్పిన అలమో కథ ఇది: 1836లో టెక్సస్ మెక్సికో నుంచి విడిపోవడానికి పోరాడుతున్నప్పుడు, కోటగా మార్చుకున్న పాత చర్చి ఆవరణ లోపల టెక్సస్ వీరులు, బయట మెక్సికో సైన్యం. కానీ లోపల ప్రాణాలు వదిలినవారిలో టెహానోలు, అంటే టెక్సస్‌నే సొంత ఊరు చేసుకున్న స్పానిష్ మాతృభాషవాళ్లు కూడా ఉన్నారు. గ్రెగోరియో ఎస్పార్సా అక్కడే చనిపోయాడు. అతని భార్య, పిల్లలు కూడా ఆ చర్చి గోడల మధ్యే ఉండి బతికి బయటపడ్డారు. శవాన్ని వెతికి పాతిపెట్టినది మెక్సికో సైన్యంలో పనిచేసిన అతని సోదరుడు ఫ్రాన్సిస్కో. ఒకే ఇంటివాళ్లు చెరో వైపు! ఆ చర్చి ముందు నిలబడి ఈ మాట చెప్పకపోతే ఇంకేం చెప్పినట్టు? మామయ్యగారు ఎస్పార్సా గురించి అడిగితే, సమయం లేదని జవాబు వచ్చింది. తర్వాత జ్ఞాపికల దుకాణం దగ్గర బస్సు 25 నిమిషాలు ఆగింది.

హోసే ఆంటోనియో నవారో ఇంటి పక్కనుంచి వెళ్తున్నప్పుడు కూడా గైడు నోరు విప్పలేదు. టెక్సస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 59 మందిలో ఆ గడ్డ మీద పుట్టినవారు ఇద్దరే. ఒకరు నవారో, రెండోవారు ఆయన మేనమామ రూయిస్. ఇద్దరూ టెహానోలే. మామయ్యగారు కిటికీకి వేలు ఆనించి ఆ ఇల్లు నాకు చూపించారు. మర్నాడు మేమే నడిచి వెళ్లి చూశాం.

హోటల్ సంగతీ చెప్పాలి. నది పక్కన, రాత్రికి 139 డాలర్లని చూసి రెండు గదులు రెండు రాత్రులకు తీసుకున్నాం. లెక్క 556 డాలర్లు కావాలి. దిగాక గదికి రోజుకు 29 డాలర్ల ‘సౌకర్యాల రుసుము’ అన్నారు. ఏ సౌకర్యమని అడిగితే రెండు నీళ్ల సీసాలు, వైఫై. కారు పెట్టుకోవడానికి రోజుకు 46. పన్నులు కాకుండానే 764 డాలర్లయింది. ముందే చెప్పలేదేమని మా వారు అడిగితే, చిన్న అక్షరాల్లో రాసే ఉందని కౌంటరులో అమ్మాయి మొహం చూడకుండా అంది. మీరు వెళ్తే నది పక్కన బస చేయకండి. ఊరి బయట తీసుకుని, పొద్దున్నే కారులో వచ్చేయండి.

ఊరికి దక్షిణాన నది వెంట నాలుగు పాత మిషన్లు, అంటే స్పెయిన్ పాదిరీలు పెట్టిన మత కేంద్రాలు ఉన్నాయి: కన్సెప్సియోన్, సాన్ హోసే, సాన్ హువాన్, ఎస్పాదా. అలమోతో కలిపి 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. ప్రవేశ రుసుము లేదు, కారు పెట్టినందుకు కూడా పైసా తీసుకోలేదు. సాన్ హోసేలో పార్కు ఉద్యోగిని ఒకావిడ మామయ్యగారి నోటు పుస్తకం చూసి, ప్రతి పేరుకూ ఓపికగా జవాబిచ్చింది. కట్టినవాళ్లు స్పెయిన్ పాదిరీలు మాత్రమే కాదనీ, రాళ్లు మోసి కాలువలు తవ్వినవాళ్లు అక్కడి ఆదివాసులైన కోవాహిల్టెకన్ తెగలవాళ్లనీ మొదట చెప్పింది. ఆ చర్చిల్లో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి.

ఎస్పాదా దగ్గర ఒక చిన్న వాగు మీదుగా రెండు రాతి కమానుల మీద కాలువ వెళ్తుంది. 1740లలో కట్టింది. ఇంకా నీళ్లు పారుతున్నాయి. మామయ్యగారిది కోనసీమ. చిన్నప్పుడు వైనతేయ మీది గన్నవరం అక్విడక్టు దాటి బడికి వెళ్లేవారట. అది కాటన్ దొర కాలం నాటిది, ఇది దానికి వందేళ్ల ముందుది. వంగి నీళ్లలో చెయ్యి పెట్టి, “వాలు ఎంత సన్నగా ఇచ్చారో చూశావా?” అన్నారు. ఈ కాలువల్ని అక్కడ అసేకియా అంటారు. అరబ్బుల దగ్గర స్పెయిన్‌వాళ్లు మాటా, పనీ రెండూ నేర్చుకున్నారు. అరగంట ఆయన అక్కడి నుంచి కదల్లేదు. మోకాళ్ల నొప్పులతో అత్తయ్యగారు చెట్టు కింద కూర్చుని విసుక్కుంటున్నారు, ఆమెకు అప్పటికే ఆకలి.

అత్తయ్యగారు శాకాహారి. ముందు రోజు నది పక్కన 23 డాలర్లు పోసి కొన్న భోజనంలో బీన్స్‌కు పంది కొవ్వు వాసన వచ్చి ఆమె ముట్టుకోలేదు. శాకాహారులు రెండు మాటలు గుర్తుంచుకోండి: బీన్స్‌లో ‘మాంతేకా’, అంటే పంది కొవ్వు ఉందా, అన్నం కోడి రసంలో వండారా అని అడగాలి. మొక్కజొన్న రొట్టెలకు మాత్రం సాధారణంగా భయం లేదు.

రెండో రోజు పడమటి పేటలో, గ్వాదలూపే వీధికి దగ్గరలో ఆరు బల్లల చిన్న హోటల్‌కి వెళ్లాం. వంటింటి తలుపు తెరిచి ఉంది. అరవై దాటిన ఆవిడ మూడు కాళ్ల నల్లరాతి రోటి ముందు నిలబడి, ముందు రాళ్ల ఉప్పు, వెల్లుల్లి మెత్తగా నూరి, దాని మీద కాల్చిన ఎండుమిర్చి వేసి, చివర్న తోలు నల్లబడిన టమాటాలు వేసి మెదిపింది. అత్తయ్యగారు కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరకు వెళ్లిపోయారు. “ఉప్పు ముందు వేసింది చూడు, పట్టు కోసం” అన్నారు నాతో. ఆవిడ నవ్వి రోకలిబండ ఇచ్చింది. అత్తయ్యగారు నాలుగు తిప్పులు తిప్పారు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. మిరపకాయ పుట్టింది అమెరికా ఖండాల్లోనే. పోర్చుగీసు ఓడల్లో మన దగ్గరికి వచ్చిందని మామయ్యగారు చెబుతుంటే వినేవాళ్లెవరూ లేరు. నాగజెముడు ఆకుల కూర, పచ్చడి, మొక్కజొన్న రొట్టెలు, చింతపండు పానకం: నలుగురికి కలిపి 46 డాలర్లు. ఒక రోజు కారు పెట్టినందుకు మేం బస చేసిన హోటల్ పుచ్చుకున్నది కూడా అంతే.

భోజనం తర్వాత ఆ పేటంతా తిరిగాం. 1938 జనవరి 31న పికాన్ గింజలు ఒలిచే దాదాపు 12,000 మంది కార్మికులు, అందులో ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్ ఆడవాళ్లు, కూలి తగ్గించినందుకు పని మానేసింది ఈ పేటలోనే. ముందు నడిచిన ఎమ్మా తెనయూకాకు అప్పుడు 21 ఏళ్లు. పూర్వం ఊళ్లోని చౌకుల్లో రాత్రిపూట లాంతరు పెట్టుకుని చిలీ అనే మిరపకాయల మాంసం కూర అమ్మే ఆడవాళ్లు ఉండేవారు. 1930లలో ఆరోగ్య నిబంధనల పేరుతో వాళ్లని వెళ్లగొట్టారు. 1977లో అదే కూరను టెక్సస్ రాష్ట్ర వంటకం చేశారు. ఇది తలచుకుంటే నాకు కోపం ఆగదు.

మార్కెట్ స్క్వేర్‌లో అత్తయ్యగారు అలాంటి రోలే 38 డాలర్లకు కొన్నారు. కొత్త రోట్లో బియ్యం నూరి రాతిపొడి పోగొట్టాలని దుకాణం ఆవిడ స్పానిష్‌లో చెబుతుండగానే, “నాకు తెలుసు తల్లీ” అని తెలుగులో జవాబిచ్చారు. ఇంటికొచ్చాక మూడు రోజులు నూరితే పిండి బూడిద రంగులో వచ్చింది. నాలుగో రోజు తెల్లగా వచ్చింది. ఆ పూట దోసకాయ పచ్చడి చేశారు.