బస తేలాకే బ్యాగు: రోజుల తరబడి సైకిల్ తొక్కేటప్పుడు ఏం మోయాలి

కొన్ని రోజుల పాటు సైకిల్ మీద దూరం వెళ్లాలనుకునేవాళ్లు ముందు రూట్ చూసుకుంటారు, ఆ వెంటనే బ్యాగు సర్దడం మొదలుపెడతారు. నా అనుభవంలో ఆ రెండు పనుల మధ్య ఇంకో పని ఉంది. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటామో ముందే తేల్చుకోవాలి. బరువులో అసలు తేడా అక్కడే వస్తుంది. ఎన్ని కిలోమీటర్లు తొక్కుతామన్నది దాని తర్వాతే.

ఈమధ్య సముద్రతీరం వెంట బయల్దేరి, కొండదారి ఎక్కి, అవతలి పీఠభూమి మీదుగా సాగిన యాత్రలో అన్ని రకాల బసలూ తగిలాయి. తీరం వెంట టెంటు వేసుకున్నాం. టెంటు, స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకునే చాప తేలిక రకాలే కొన్నా, మూడూ కలిపి సులువుగా మూడు కిలోల దగ్గరికి వస్తాయి. వాటి కోసం వెనక క్యారియర్, దానికి రెండువైపులా వేలాడే బ్యాగులు కావాలి. అంటే బరువు మీద బరువు. ఎక్కడ చీకటి పడితే అక్కడ ఆగే స్వేచ్ఛ మాత్రం ఇంకే బసలోనూ దొరకదు. కాకపోతే తెల్లారేసరికి టెంటు మంచుకు తడిసి ఉంటుంది, అలాగే మడిచి మోయాలి. ఫోన్ చార్జింగ్ ఉండదు. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది స్నానం. చెమట పట్టిన షార్ట్స్‌తోనే మర్నాడూ కూర్చుంటే తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి, అక్కడితో యాత్ర ఆగిపోయినా ఆశ్చర్యం లేదు. అందుకే ఒక రోజు తొక్కే దూరంలో గది దొరికే దారిలో నేను టెంటు మోయను. దొరకని దారిలో తప్పదు.

లాడ్జి గదికి వస్తే, గది అందం కన్నా మూడు విషయాలు ముందు ఫోన్‌లో అడగాలి. సైకిల్ గదిలోకి రానిస్తారా, లేకపోతే తాళం వేసే చోటుందా? బట్టలు ఆరేసుకునే వీలుందా? తెల్లవారుజామున నాలుగింటికి గేటు తీస్తారా? జర్మనీలో ఏడీఎఫ్‌సీ అనే సైక్లిస్టుల సంఘం ‘బెట్ ప్లస్ బైక్’ పేరుతో బసలకు గుర్తింపు ఇస్తుంది. ఒక్క రాత్రికైనా గది ఇవ్వడం, సైకిల్‌కు తాళం వేసే చోటు, తడి బట్టలు ఆరబెట్టే వీలు అందులో ముఖ్యమైన షరతులు. ఏ దేశంలో గది వెతికినా నేను ఇదే కొలత పెట్టుకుంటాను. ఈ యాత్రలో కొండ కింద ఒక పెద్ద హోటల్‌లో సైకిళ్లు బయట పార్కింగ్‌లోనే ఉంచాలని పట్టుబట్టారు. రాత్రంతా నిద్రలో కూడా అదే టెన్షన్. మర్నాడు పైన దొరికిన చిన్న లాడ్జిలో సైకిల్‌ను మంచం పక్కనే నిలబెట్టుకోనిచ్చారు, చైన్ తుడుచుకోవడానికి పాత గుడ్డ కూడా ఇచ్చారు. నా లెక్కలో ఆ చిన్న లాడ్జికే ఎక్కువ మార్కులు.

గదిలో ఉంటే బట్టలు సగానికి తగ్గుతాయి. తొక్కడానికి రెండు జతలు చాలు. ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద. ఉతికాక పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా మెలిపెట్టి పిండితే సాయంత్రం ఉతికినవి పొద్దుటికి ఆరిపోతాయి. సాయంత్రం వేసుకోవడానికి పలుచని జత ఒకటి, చెప్పులు. ఎండాకాలమైనా కొండలుంటే గాలి ఆపే జాకెట్ తప్పనిసరి. ఎక్కేటప్పుడు పట్టిన చెమట, దిగేటప్పుడు గాలికి ఒళ్లంతా వణికిస్తుంది.

డార్మిటరీలో చెవుల్లో పెట్టుకునే దూది బిళ్లలు, రెండు మూడు పోర్టులున్న చార్జర్ ఉంటే సుఖం. ఒకే ప్లగ్గు కోసం అక్కడ పదిమంది చూస్తుంటారు. వార్మ్‌షవర్స్ నెట్‌వర్క్ ద్వారా సైక్లిస్టుల ఇళ్లలో ఉండటం మాత్రం వేరే సంగతి. దారి గురించి వాళ్లు చెప్పినంత వివరంగా ఏ మ్యాపూ చెప్పదు. కానీ చెప్పిన వేళకు చేరాలి కాబట్టి ఆ రోజు దూరం తక్కువ పెట్టుకోవడం మర్యాద.

బ్రెవెలది, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌లది, మరో లెక్క. 600 కిలోమీటర్లకు 40 గంటలు, 1,200కు 90 గంటలు గడువు. నిద్రే కొద్ది గంటలు కాబట్టి సామానూ కొద్దే. రాత్రి తొక్కడానికి లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ మాత్రం ఉండాల్సిందే.

సామాను వ్యాన్‌లో వస్తుందని చెప్పే టూర్ సర్వీసులు ఉన్నాయి. హాయిగానే ఉంటుంది. అయినా వర్షం జాకెట్, ట్యూబు, మందులు, ఫోన్, కొంత నగదు సైకిల్ మీదే ఉండాలి. ఒకరోజు మా వ్యాన్ వేరే దారిలో ముందుకెళ్లిపోయింది. మాలో ఒకాయన జాకెట్ అందులోనే ఉంది, వానలో కొండ దిగుతూ ఆయన వేళ్లు కొంకర్లు పోయి బ్రేక్ పట్టలేకపోయాడు. వ్యాన్ ఉందన్న ధీమాతో ఖాళీగా బయల్దేరడం చాలా ప్రమాదం.

ఇక పనిముట్లు. వీటికి నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే: దారిలో దొరకనిదే మోయాలి. పంక్చర్ వేసేవాళ్లు చాలా చోట్ల ఉంటారు, కానీ సన్న వాల్వ్ ట్యూబు, అంటే ప్రెస్టా, అన్నిచోట్లా దొరకదు. అందుకే ట్యూబులు రెండు, ప్యాచ్‌లు, చేతిపంపు, దాంతోపాటు మామూలు గాలి పంపుకి సరిపోయే చిన్న ఇత్తడి అడాప్టర్. ట్యూబ్‌లెస్ టైర్లున్నా ఒక ట్యూబు ఉండాలి. గేర్లు మార్చే డీరైలర్‌ను ఫ్రేమ్‌కి తగిలించే హ్యాంగర్ ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో రకం, పెద్ద షాపులో కూడా మనది దొరుకుతుందన్న నమ్మకం లేదు. గుప్పెట్లో పట్టే ఆ ముక్క కోసం రోజుల తరబడి ఆగిపోవాల్సి రావచ్చు. తెగిన చైన్‌ను కలిపే క్విక్ లింక్ (మన చైన్‌కి సరిపోయేది), ఒక జత బ్రేక్ ప్యాడ్లు, టైరు చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క కూడా అంతే ముఖ్యం. సబ్బు, టూత్‌పేస్ట్, బిస్కెట్లు కొద్దిగానే పెట్టుకోండి, అవి దారిలో దొరుకుతాయి.

బరువైనవన్నీ ఫ్రేమ్ మధ్య బ్యాగులో, వీలైనంత కిందికి. సీటు వెనక బ్యాగులో తేలికైన బట్టలే. అక్కడ బరువు పెడితే నిలబడి తొక్కినప్పుడల్లా సైకిల్ ఊగిపోతుంది. వర్షం జాకెట్ అన్నిటికన్నా పైన. ఏ బ్యాగు వాటర్‌ప్రూఫ్ అన్నా నమ్మకుండా లోపల ప్లాస్టిక్ కవరు వేస్తాను. సర్దాక నిండు నీళ్ల సీసాలతో సహా ఒక పూట తొక్కి చూడాలి, పట్టీలు ఎక్కడ జారతాయో అప్పుడే తెలుస్తుంది.

విమానంలో తిరిగొచ్చేవాళ్లు పవర్ బ్యాంకును చేతి సంచిలోనే ఉంచుకోవాలి, లగేజీలో వేయనివ్వరు. సాధారణంగా 100 వాట్ అవర్ల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు, 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 అవుతుంది. సైకిల్ ప్యాకింగ్‌కి అట్టపెట్టె కోసం చివరి ఊళ్లో సైకిల్ షాపును ఒక రోజు ముందే అడిగి పెట్టుకోండి. పెడల్ విప్పే రెంచి ఉందో లేదో బయల్దేరేటప్పుడే చూసుకోవాలి. ఎడమ పెడల్‌ది ఎదురు మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది.