వేడినీళ్లలో విచ్చుకున్న సకుర: జూబ్లీహిల్స్‌లో ఒక టీ గది

ఇక్కడికి వెళ్తే సకురాయు కోసమే వెళ్లండి. సకుర అంటే జపాన్ చెర్రీ పువ్వు, దాన్ని ఊరవేసి వేడినీళ్లలో వేసి ఇచ్చేదే సకురాయు. మిగతావి తినకపోయినా పర్వాలేదు.

మా చెల్లెలి కూతురు జపనీస్ నేర్చుకుంది. ఉగాది వెళ్లాక వచ్చిన ఆదివారం జూబ్లీహిల్స్ లోపలి వీధిలో ఉన్న ఈ చిన్న టీ గదికి నన్ను తీసుకెళ్లింది. తెల్ల కప్పులో, ఉప్పు అంటుకుని ముడుచుకుపోయిన గులాబీ రంగు పువ్వు ఒకటి కాడతో సహా పెట్టారు. మా ఎదురుగానే వేడినీళ్లు పోశారు. "పెద్దమ్మా, అప్పుడే తాగకు, చూస్తూ ఉండు" అంది. రేకులు ఒక్కొక్కటే వదులయ్యాయి. కాసేపటికి ముద్దమందారంలా రేకుల మీద రేకులతో పువ్వు కప్పంతా పరుచుకుంది. ఉప్పు వేసిన మజ్జిగ తేటలో పూలవాసన కలిస్తే ఎలా ఉంటుందో, రుచి అలా ఉంది.

ఇది ఊరవేసిన పువ్వు. ముద్ద సకురలకి ఉప్పు పట్టించి, ఉమే అనే పుల్లటి జపాన్ కాయలు ఉప్పులో ఊరినప్పుడు దిగే పుల్లటి ఊటలో వేస్తారు. మాగాయ పెట్టేవాళ్లకి ఆ ఊట సంగతి వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఆరబెట్టి మళ్లీ ఉప్పులో దాస్తారు.

జపాన్‌లో పెళ్లిళ్లకి, నిశ్చితార్థాలకి గ్రీన్ టీ బదులు ఇదే ఇస్తారు. వాళ్ల భాషలో 'టీని మసకచేయడం' అంటే అసలు మాట తేల్చకుండా దాటేయడం. మనం నీళ్లు నమలడం అంటామే, అలాంటిదే. సంబంధం కలుపుకునే చోట ఆ మాట గుర్తుకు రాకూడదని తేట నీళ్లలో పువ్వు వేసి ఇస్తారు.

మరి రాలిపోవడానికి పేరుపడ్డ పువ్వు శుభకార్యంలో ఎందుకని అడిగాను. మా అమ్మాయి చాలాసేపు చెప్పింది. 812లోనే సగ చక్రవర్తి క్యోటోలో పూలు చూసే విందు చేశాడట. ఇప్పుడు ఎక్కువగా కనిపించే సోమెయి యోషినో రకం సకుర చెట్లన్నీ ఒకే చెట్టు నుంచి అంటుకట్టి పెంచినవే. అందుకే ఒక ఊళ్లో అన్నీ దాదాపు ఒకేసారి పూసి, వారం పది రోజుల్లో ఒకేసారి రాలతాయి. ఉండిపోదని తెలిసినందుకే ఇంకా ముద్దొస్తుంది. ఆ మనసు కరగడాన్నే 'మోనో నో అవారే' అంటారు. యుద్ధకాలంలో మాత్రం, పువ్వులా రాలిపొమ్మని సైనికులకి చెప్పడానికి ఇదే గుర్తు వాడుకున్నారు. అది విన్నాక కప్పు చేతిలో పట్టుకుని కాసేపు ఊరుకున్నాను.

అందుకే పైకప్పు నిండా కట్టిన ప్లాస్టిక్ సకుర కొమ్మలు చూస్తే బాధేసింది. ఏడాది పొడుగునా పూసే ఉంటాయి, పైన దుమ్ము. రాలని సకుర ఏం సకుర? బయట ఫుట్‌పాత్ మీద వేపపూత రాలుతోంది. ఒక పళ్లెంలో నీళ్లు పోసి గుప్పెడు ఆ పూత వేసి పెట్టినా నిండుగా ఉండేది. మేనేజర్‌గారికి ఆ మాటే చెప్పాను, ఓపిగ్గా విన్నారు.

సకుర మోచి కూడా తిన్నాం, అంటే సకుర ఆకు చుట్టిన బియ్యపు మిఠాయి. లోపల అజుకి అనే ఎర్ర చిక్కుడు గింజల పూర్ణం, మన బూరెల కంటే తీపి తక్కువ, బాగుంది. చుట్టిన సకుర ఆకు మాత్రం ఉప్పు కషాయం. వాడే ముందు కాసేపు నీళ్లలో నానబెట్టాల్సింది. ఉప్పులో ఊరితేనే ఆ ఆకుకి అసలు వాసన వస్తుంది, కానీ తినేటప్పుడు వాసన తెలియాలి, నాలుక మండకూడదు.

కప్పు 320 రూపాయలు, రెండు మోచీలు 380. కారు పెట్టుకునే చోటు లేదు, ఆటోలో వెళ్లండి. ఊరవేసిన పూలు విడిగా కూడా అమ్ముతున్నారు. ఇరవై పూల పొట్లం తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. వచ్చే నెల మా అమ్మాయి నిశ్చితార్థం.